హైదరాబాదు ముస్లిముల అమెరికా ప్రవాసము: తెలుగువారి వలస చరిత్రలో దాని స్థానము

తెలుగువారి ప్రవాస చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా మారిషస్, నేటాల్, ఫిజీ, బర్మా, మలయా దేశములతో నారంభించి, ఒప్పందపు కూలీల కష్టములను వర్ణించి, 1965 తరువాత అమెరికాకు తరలిన వైద్యులతోను ఇంజనీర్లతోను ముగింతురు. ఈ క్రమము తప్పు కాదు. కాని యిందు హైదరాబాదు ముస్లిము కనబడడు. అతడు అదే వైద్యకళాశాలలో చదివెను, అదే విమానమెక్కెను, అదే మంచులో అద్దెయింటికై తిరిగెను. అయినను అతని వలస ‘ఉర్దూవారి’ చరిత్రలోనికో ‘అమెరికా ముస్లిముల’ చరిత్రలోనికో పోయినదేకాని, తెలుగుదేశపు చరిత్రలోనికి రాలేదు. ఈ విభజన యెంతవరకు న్యాయమో విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విచారణకు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములను మేము నిలుచు తావుగా గ్రహించితిమి. ఈ మూడు పేటలును ఒకదానినొకటి ఒరసికొని యున్నవి. ఇచ్చట తెలుగు నిలద్రొక్కుకొనిన విధము చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. 1928లో మాడపాటి హనుమంతరావుగారు స్థాపించిన బాలికా పాఠశాల నారాయణగూడలో నున్నది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయము వెలసినవి. 1956 తరువాత కోస్తా జిల్లాలనుండి వచ్చిన ఉద్యోగుల కుటుంబములు అనేకము ఇచ్చట కాపురము లేర్పరచుకొనినవి. అయితే యీ పేటల కెల్లలెవ్వి? ఒకవైపు ముషీరాబాదు, మరియొకవైపు హిమాయతునగరము, ఇంకొకవైపు బషీరుబాగు. హిమాయతునగరము ఏడవ నిజాము జ్యేష్ఠపుత్రుని పేర వెలసినది. బషీరుబాగు పైగా వంశీయుడైన ఆస్మాన్‌జా బిరుదమునుబట్టి వచ్చినది. వేకువను వేంకటేశ్వరుని సుప్రభాతమును మసీదునందలి అజానును ఒకే చెవితో వినుట యిచ్చటివారికి నిత్యానుభవము. చౌరస్తాలోని ఇరానీ హోటలులో చాయ త్రాగుచు తెలుగు కవిత్వమును గూర్చి వాదించిన తరములు ఇచ్చట గడచినవి. ఆ హోటళ్లను పెట్టినవారు గత శతాబ్దపు పూర్వార్ధమున ఇరాను దేశమునుండి బొంబాయి మీదుగా వచ్చిన వలసదారులు. వారును ముస్లిము ప్రవాసులే, వారిని ఆదరించినది మన నగరమే యను సంగతి మరువరాదు.

‘నీవెక్కడివాడవు?’ అను ప్రశ్నయు ఈ పేటలకు క్రొత్త కాదు. 1919 నాటి నిజాము ఫర్మానా ముల్కీ యెవడో, గైర్‌ముల్కీ యెవడో నిర్ణయించుటకు పదునైదేండ్ల నివాసమును ప్రమాణముగా గ్రహించినది. 1952 సెప్టెంబరులోను, 1969లోను ఆ మాటలపైననే ఉద్యమములు చెలరేగినవి. వచ్చినవాడు ఎన్నేండ్లకు ఇచ్చటివాడగును, అతని కుమారు డెవరు, ఉద్యోగ మెవరిది అను చర్చలు మన ఇండ్లలో జరిగినవే. కావున అమెరికాలోని ముస్లిము పరదేశి యనుభవమును మన పాఠకునకు వింతగా వర్ణించి చెప్పవలసిన పనిలేదు.

హైదరాబాదు ముస్లిముల వలసకు 1965 నాటి అమెరికా చట్టమే కారణమనుట సగము సత్యము మాత్రమే. తలుపు తెరచినది ఆ చట్టము; ఇల్లు విడువ జేసిన కారణములు హైదరాబాదు చరిత్రలో నున్నవి. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గ్రహించి, ఆంగ్లమును నిర్బంధ పాఠ్యముగా నుంచినది. ఆ విద్య నభ్యసించినవారికి సంస్థానోద్యోగము సహజ గమ్యము. 1948 సెప్టెంబరు 13వ తేదీనుండి 17వ తేదీవరకు జరిగిన పోలీసు చర్యతో ఆ గమ్యము తొలగిపోయినది. రజాకారుల హింసకు గురియైన గ్రామములు ఊపిరి పీల్చుకొనినవి. కాని ఆ చర్య వెంబడి ముస్లిములపై జరిగిన హింస చిన్నది కాదు. భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను తక్కువలో తక్కువగా లెక్కించియు 27 వేలనుండి 40 వేలవరకు నుండునని చెప్పినది. ఆ నివేదిక అరువదేండ్లకుపైగా సామాన్య పాఠకునకు అందలేదు. 1949లో జాగీర్లు రద్దయినవి. సంస్థానపు సైన్యము రద్దయినది. కచేరీలలోను, న్యాయస్థానములలోను, విశ్వవిద్యాలయమునందును ఉర్దూ తన స్థానమును కోల్పోయినది. ఒక తరమువారికి తాము నేర్చిన భాషయే జీవనోపాధికి పనికిరానిదైనది. అదే మార్పు తెలుగువారి భాషకు పాఠశాలలో పీట వేసినది. రెండును సత్యములే; ఒకదానిని చెప్పి రెండవదానిని విడచుట చరిత్రకారునకు తగదు.

ఈ కారణములచేత మొదట కొన్ని కుటుంబములు కరాచీకి పోయినవి. తరువాత ఇంగ్లండు, 1973 నాటి చమురు ధరల పెరుగుదల తరువాత గల్ఫు దేశములు. ఒకే కుటుంబమున అన్న కరాచీలో, తమ్ముడు జెడ్డాలో, చెల్లెలు షికాగోలో, వృద్ధులైన తల్లిదండ్రులు హైదరాబాదులో నుండుట సాధారణమైనది. ఈ విచ్ఛిత్తికి గల ఫలిత మేమో తరువాత జూచెదము.

ఇక అమెరికా ద్వారమును గూర్చి. 1790 నాటి పౌరసత్వ చట్టము ‘స్వతంత్రుడైన తెల్లవానికి’ మాత్రమే పౌరుడగు అర్హత నొసగినది. 1917లో భారతదేశముతో సహా ఆసియాలో చాల భాగమును నిషిద్ధ మండలముగా ప్రకటించిరి. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబీ సిక్కుని వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు భారతీయుడు తెల్లవాడు కాడని తీర్పు చెప్పినది. ఆ తీర్పు అతనిని ‘హిందువు’ అని పేర్కొనినది! ఆనాటి అమెరికాలో ఆ మాటకు మతార్థము లేదు. హిందూదేశమునుండి వచ్చిన ప్రతివాడును హిందువే. సిక్కుయైన నేమి, ముస్లిమైన నేమి.

ఈ సందర్భమున 1925లో మిచిగన్ రాష్ట్రపు ఫెడరల్ న్యాయస్థానమున విచారింపబడిన జాన్ మొహమ్మద్ అలీ వ్యాజ్యము మిక్కిలి గమనింపదగినది. భారతదేశమున జన్మించిన యీ ముస్లిము 1921లో ‘ఉన్నత కులపు హిందువు’గా తెల్లవాడనని చెప్పి పౌరసత్వము పొందెను. థిండు తీర్పు తరువాత ప్రభుత్వము ఆ పౌరసత్వమును రద్దు చేయబూనగా, అతడు తాను హిందువు గాననియు, తన పూర్వికులు అరబ్బు దేశమునుండి వచ్చి భారతదేశమున స్థిరపడినవారనియు, అరబ్బు రక్తము తనలో చెడక నిలిచినదనియు వాదించెను. న్యాయమూర్తి యీ వాదమును త్రోసిపుచ్చి పౌరసత్వమును రద్దు చేసెను. హైదరాబాదు కుటుంబముల వంశవృక్షములను చూచినవారికి ఈ వాదము నవ్వు పుట్టించదు. తమ పూర్వికులు మదీనానుండి, బుఖారానుండి, యెమెనునుండి వచ్చిరని చెప్పుకొను ఇండ్లు మన నగరమున తక్కువ కావు. ఇచ్చట గౌరవ చిహ్నమైన యా వంశకథ అచ్చట న్యాయస్థానమున నిలుచుటకు ఒక ఊతకర్రయైనది, అదియును విరిగినది.

ఆ కాలమున అమెరికాకు చేరిన భారత ముస్లిములు విద్యావంతులు కారు. హుగ్లీ ప్రాంతమునుండి కుట్టుపని బట్టలను మోసికొనిపోయి న్యూజెర్సీ సముద్రతీరమునను న్యూ ఆర్లియన్సునందును అమ్మిన చిల్లర వర్తకులు, ఓడలనుండి దిగి మరలిపోని బెంగాలీ కళాసీలు, కాలిఫోర్నియా పొలములలో పనిచేసిన పంజాబీలు. వారిలో ననేకులు నల్లజాతి స్త్రీలను, మెక్సికో స్త్రీలను వివాహమాడి ఆ సంఘములలో కలిసిపోయిరి. వివేక్ బాల్డ్ 2013లో ప్రకటించిన గ్రంథము ఆ బెంగాలీల చరిత్రను వెలికిదీసినది. 1946 చట్టము భారతీయులకు పౌరసత్వార్హతను, సంవత్సరమునకు నూరుగురికి ప్రవేశమును ఇచ్చినది. నూరుగురు! అంత విశాలమైన దేశమునకు ఇది యొక సంతకమువంటిదే కాని ద్వారము కాదు.

1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసిన చట్టము జాతినిబట్టి వాటాలు వేయు పద్ధతిని తొలగించి, తూర్పు గోళార్ధమున ఒక్కొక్క దేశమునకు ఏటా 20 వేల పరిమితి నిర్ణయించినది. 1968 జూలైనుండి ఇది పూర్తిగా అమలైనది. వృత్తి నైపుణ్యము గలవారికిని, అచ్చట స్థిరపడినవారి బంధువులకును ప్రాధాన్యము లభించినది. అప్పటికి హైదరాబాదులో ఉస్మానియా వైద్యకళాశాలయు, 1954లో వెలసి నారాయణగూడ ప్రక్కన బషీరుబాగులో చాలకాలము నడచిన గాంధీ వైద్యకళాశాలయు, ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలయు పట్టభద్రులను తయారుచేయుచుండెను. ఆ తరగతులలో రెడ్డియు, రావును, సయ్యదును, ఖానును ఒకే బల్లపై కూర్చుండిరి. వలసలో మొదటి మెట్టు వారందరికి నొకటే. ముందు వైద్యుడు పోవును, అయిదారేండ్లకు పౌరుడగును, తమ్ముని, చెల్లెలిని, తల్లిని పిలిపించుకొనును. రెండవ మెట్టులో వచ్చినవారందరు వైద్యులు కారు. వారు దుకాణములలో, టాక్సీలలో, కర్మాగారములలో పనిచేసిరి. విజయగాథలు మాత్రమే వ్రాయు రచయితలు ఈ రెండవ మెట్టును దాటివేయుదురు.

అమెరికా చేరిన హైదరాబాదు ముస్లిమునకు ఇస్లాము అచ్చట క్రొత్తగా నాటవలసిన చెట్టు కాదు. ఉత్తర డకోటాలోని రాస్ గ్రామమున సిరియా కృషీవలులు 1929లోనే మసీదు కట్టుకొనిరి. అయోవాలోని సీడార్ రాపిడ్సు మసీదు 1934 నాటిది. నల్లజాతి ముస్లిముల ఉద్యమము నగరములందు బలముగా నుండెను. 1963లో ఇలినాయి విశ్వవిద్యాలయమున ముస్లిము విద్యార్థి సంఘ మేర్పడినది. కావున ప్రవాసి తన మసీదులోనే మొట్టమొదట పరదేశీయు డయ్యెను. ఒక వరుసలో అరబ్బు, ప్రక్కన నల్లజాతివాడు, అటుప్రక్క పంజాబీ, ఇటుప్రక్క బోస్నియావాడు. ఉపన్యాసము ఆంగ్లమున. హైదరాబాదులో మతము, భాష, వంట, మర్యాద అన్నియు ఒకే ముద్దగా నుండెను. ఇచ్చట మతము వేరు, తక్కినది వేరు అని విడదీయవలసివచ్చెను. ఈదు పండుగ ఏ దినమున జరుపవలె ననుటయే ఏటేట వివాదము. చంద్రుని కంటితో చూడవలెనా, గణితముచే నిర్ణయింపవచ్చునా? ఉత్తర అమెరికా ఫిఖ్ మండలి 2006లో గణితమును అంగీకరించినది. అంగీకరింపని మసీదులు ఇప్పటికిని కలవు. ఒకే వీధిలోని అన్నదమ్ములు రెండు దినములలో పండుగ చేసికొనుట యుగాది విషయమున మన పంచాంగకర్తల తగవులను స్మరింపజేయును.

షికాగో నగరపు ఉత్తర భాగమున డెవాన్ వీధి కలదు. దానిలో నొక భాగమునకు గాంధీ మార్గమనియు, మరియొక భాగమునకు జిన్నా మార్గమనియు, వేరొక భాగమునకు షేక్ ముజీబు పేరును గౌరవార్థము పెట్టిరి. యూదులు పూర్వము నివసించిన వీధి గావున గోల్డా మెయిర్ పేరును అచ్చట కలదు. హైదరాబాదు ముస్లిము ఈ ఫలకములలో దేనిక్రింద నిలువవలెను? జన్మచేత గాంధీ మార్గము. భాషచేత జిన్నా మార్గమువారితో స్నేహము. వాస్తవమున అతడు రెంటి క్రిందను నడచి కూరగాయల కొట్టునకు పోవును. అచ్చట అతడు వెదకునది గోంగూర! దక్కనీలో దానిపేరు అంబాడా. చింతపండు లేని పప్పు అతనికి పప్పు కాదు. బగారా బైంగనులో చింతపులుసు, నువ్వులు, వేరుసెనగ కలియును. కరాచీనుండి లాహోరునుండి వచ్చిన పొరుగువాడు ఈ పులుపును చూచి ఆశ్చర్యపడును. గుంటూరునుండి వచ్చినవాడు ఆశ్చర్యపడడు. తెలుగు గృహిణియు, హైదరాబాదు ముస్లిము గృహిణియు ఒకే బుట్టనుండి ఒకే ఆకును వేర్వేరు పేర్లతో కొనుచున్నారు. ప్రవాస చరిత్రకు ఈ బుట్ట ఏ శాసనముకన్నను తక్కువ ఆధారము కాదని మా అభిప్రాయము.

వంటకన్నను బలమైన సాక్ష్యము భాషలో నున్నది. దక్కనీ భాషయందు పరోక్షవాక్యమును ‘బోల్కే’ అను పదముతో ముగింతురు. ‘ఆతూఁ బోల్కే బోల్యా’ అనగా ‘వచ్చెదనని చెప్పెను’. ఉత్తరదేశపు ఉర్దూలో వాక్యము ‘కి’ అను పదముతో తెరచుకొని ముందునకు సాగును; దక్కనీలో ‘బోల్కే’ వాక్యము వెనుక నిలిచి దానిని మూయును. ఇది మన ‘అని’ చేయు పనియే. పదము ఆర్యభాషకు చెందినది, కట్టుబడి ద్రావిడము. శతాబ్దములు తెలుగువారి ప్రక్కన నివసించుటచే నిది సంభవించినదని భాషావేత్త లంగీకరింతురు. ‘నక్కో’ అను ప్రసిద్ధ పదము మరాఠీనుండి వచ్చినది. దానిని తెలుగునకు తగిలింపరాదు. వాక్యనిర్మాణమున మాత్రము మన ముద్ర స్పష్టము. కావున షికాగోలోని ఒక వంటింట ముదుసలి తల్లి ఫోనులో దక్కనీ మాటలాడునపుడు తెలుగు వ్యాకరణము అచ్చట వినబడుచునే యున్నది. ఆమెకు తెలుగు రాకపోవచ్చును. అమెరికా మసీదులో ఆమె భాషను విని పాకిస్తానీ పొరుగువారు నవ్వుదురు. ఆమె మనుమలు ఆంగ్లమే మాటలాడుదురు. ఈ విధమున దక్కనీకి రెండువైపుల నష్టము కలుగుచున్నది.

వివాహాచారముల సంగతియు ఇట్టిదే. పెండ్లికూతురునకు పసుపు పూయు మాంఝా, నల్లపూసలు గ్రుచ్చిన కాలీపోత్ లచ్చా, సాంచక్ మొదలగునవి హైదరాబాదు ముస్లిము వివాహమున ప్రధానములు. నల్లపూసలను చూచిన తెలుగువారికి వ్యాఖ్యానము అక్కరలేదు. అమెరికాలో పుట్టిన పిల్లలు మసీదు పాఠశాలలో నేర్చిన శుద్ధమతముతో ఇంటికి వచ్చి, ‘ఇది గ్రంథములలో లేదు, ఇది హిందువుల ఆచారము’ అని తల్లిని ప్రశ్నింతురు. తల్లి సమాధానము ‘మన ఇంట ఇట్లే చేయుదుము’ అనునదే. హైదరాబాదు ప్రవాసులను అనేక దేశములలో కలిసికొని కారెన్ లియోనార్డ్ 2007లో ప్రకటించిన గ్రంథము ఈ తరముల భేదమును చక్కగ పరిశీలించినది. తొలితరమువారు ‘హైదరాబాదీ’ అనునపుడు ఆ మాటలో కాయస్థులు, పార్సీలు, తెలుగు దొరలు, ముస్లిములు అందరు నిమిడియుండిరి. పిల్లలకు ఆ మాట ఒక బిర్యానీ పేరుగా మిగులుచున్నది. లియోనార్డ్ దృష్టి ప్రధానముగా ఉర్దూ నాగరకతపై నున్నది. ఆ నాగరకత అడుగున నున్న తెలుగు నేలను పరీక్షించు పని మనది.

ఇంతకును ఈ ప్రవాసు లెందరు? దీనికి నేరుగ సమాధానము చెప్పు లెక్క లేదు. 1976 నాటి చట్టముచే అమెరికా జనగణనాధికారులు మతమును నిర్బంధముగా అడుగరాదు. వా రింటిభాషను అడుగుదురు. 2010 మొదలు 2017 వరకు తెలుగు మాటలాడువారు 86 శాతము పెరిగి నాలుగు లక్షలు దాటిరని తేలినపుడు మన పత్రికలు హర్షించినవి. ఆ లెక్కలో చిక్కడపల్లి రావు గలడు. ప్రక్కనే ముషీరాబాదు ఖాను లేడు. అతడు ఉర్దూ పట్టికలో లాహోరువానితో కలిసియున్నాడు. సంఘములును ఇట్లే ఏర్పడినవి. 1977లో ఆరంభమైన తానా, 1990లో వెలసిన ఆటా భాషపై నిలిచినవి. ఉర్దూవారు ముషాయిరాలు జరుపుకొనిరి. ఇందు ఎవరి దోషమును లేదు. కాని భాషను సంఘమునకు గుర్తుగా గ్రహించినపుడు ఒకే ఊరివారు సముద్రము దాటి రెండు ఊళ్లవారైరి.

2001 సెప్టెంబరు 11 తరువాత గుర్తించువాడు వేరయ్యెను. ఆ మరునాడే టెక్సాసు రాష్ట్రమున రైలులో ప్రయాణించుచున్న ఇద్దరు హైదరాబాదు యువకులను నిర్బంధించిరి. వారు న్యూజెర్సీలో పత్రికల అంగళ్లలో పనిచేసినవారు. విమానములు నిలిచిపోవుటచే రైలెక్కిరి; పెట్టెలు కోయు కత్తులు వారివద్ద నుండెను. నెలల తరబడి ఏకాంత నిర్బంధమున నుంచి ప్రశ్నించిరి. దాడితో వారికి సంబంధ మున్నట్లు తేలలేదు. క్రెడిట్ కార్డుల మోసమున మాత్రము వారు దోషులై, శిక్ష యనుభవించి, దేశమునకు పంపబడిరి. వారు నిష్కళంకులని మేమనుట లేదు. చేసిన నేరమునకును, అనుభవించిన భయమునకును పొంతన లేదనుచున్నాము.

2002లో ఆరంభమైన ‘ప్రత్యేక నమోదు’ విధానము మా చర్చకు మరింత ముఖ్యము. 25 దేశములకు చెంది తాత్కాలిక వీసాపై నున్న పదునారేండ్లు నిండిన పురుషులు కచేరీలకు పోయి వ్రేలిముద్రలు, ప్రమాణములు ఇయ్యవలెను. ఉత్తర కొరియా తప్ప తక్కినవన్నియు ముస్లిములు అధికముగాగల దేశములు. 80 వేలమందికి పైగా నమోదైరి. 13 వేలమందికి పైగా దేశబహిష్కరణ విచారణల నెదుర్కొనిరి. పట్టికలో పాకిస్తాను గలదు, బంగ్లాదేశము గలదు; భారతదేశము లేదు. ముందు మేము చెప్పిన కుటుంబమును మరల స్మరింపుడు. 1949లో కరాచీకి పోయిన అన్న మనుమడు ఆ వరుసలో నిలువవలెను. హైదరాబాదున నిలిచిన తమ్ముని మనుమడు నిలువనక్కరలేదు. ఇద్దరికి ఒకే ముత్తాత, ఒకే దక్కనీ, ఒకే కట్టా పప్పు. ఒక పాసుపోర్టు తేడాయే భయమును పంచినది. 2017 జనవరి 27వ తేదీ నాటి ఆజ్ఞలో నిషేధింపబడిన ఏడు దేశములలోను భారతదేశము లేదు. హైదరాబాదు ముస్లిమునకు అమెరికాలో అతని భారతీయత ఇట్లు కవచమైనది. కాని ఆ కవచము కచేరీలోనే పనిచేయును, వీధిలో పనిచేయదు.

వీధిలో ఏమి జరుగునో ఆ సంవత్సరముననే తెలిసినది. ఫిబ్రవరి 22వ తేదీన కాన్సాసు రాష్ట్రములోని ఒలేతా పట్టణమున కూచిభొట్ల శ్రీనివాస్ అను హైదరాబాదు ఇంజనీరు ఒక ఫలహారశాలలో కాల్చి చంపబడెను. అతని మిత్రుడైన మరియొక తెలుగు ఇంజనీరును, అడ్డుపడబోయిన ఒక అమెరికనును గాయపడిరి. హంతకుడు తరువాత తాను ఇద్దరు ఇరానీయులను కాల్చితినని చెప్పెను. అతనికి 2018లో యావజ్జీవ శిక్ష పడినది. ‘ఇరానీ’ అనగానే చాయ తప్ప వేరొకటి స్ఫురింపని నగరమునుండి పోయినవాడు ఆ మాట కారణముగా మరణించెను. 1923లో అమెరికా దృష్టిలో భారత ముస్లిము ‘హిందువు’; 2017లో తెలుగు హిందువు ‘ఇరాను ముస్లిము’. పేరు మారినది, చూచు కన్ను మారలేదు. ఈ హత్యను తెలుగు ప్రవాస చరిత్రలో వ్రాయకుండుట అసాధ్యము. వ్రాయునపుడు ఆ తూటా ఎవరికై ఉద్దేశింపబడినదో చెప్పకుండుటయు అసాధ్యమే. కావున అమెరికా ముస్లిము ప్రవాసి చరిత్ర మన చరిత్రకు వెలుపలిదనుట కిక వీలులేదు.

రాజకీయములందును ఒక జంట ఉదాహరణము కలదు. 1964లో హైదరాబాదున జన్మించిన గజాలా హాష్మీ బాల్యముననే తల్లిదండ్రులతో జార్జియా రాష్ట్రమునకు చేరెను. ఎమరీ విశ్వవిద్యాలయమున సాహిత్యమున డాక్టరేటు పొంది, వర్జీనియాలో సుమారు ముప్పదేండ్లు అధ్యాపకురాలుగా పనిచేసెను. 2017 నాటి ఆజ్ఞయే తన్ను రాజకీయములకు పురికొల్పినదని ఆమె చెప్పుకొనినది. 2019లో వర్జీనియా సెనేటునకు ఎన్నికైన తొలి ముస్లిము ఆమెయే. 2025 నవంబరులో ఆ రాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరుగా ఎన్నికై, రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిము మహిళగా అమెరికా చరిత్రలో నిలిచెను. ప్రక్కనున్న మేరీలాండు రాష్ట్రమున 2022లో అదే పదవికి ఎన్నికైన అరుణా మిల్లరును హైదరాబాదున 1964లోనే జన్మించినది. ఒకే ఊరు, ఒకే సంవత్సరము, ఇరుగు పొరుగు రాష్ట్రములు, ఒకే పదవి! తెలుగు పత్రికలు అరుణా మిల్లరును తెలుగు మహిళగా అభినందించినవి. గజాలా హాష్మీని హైదరాబాదు మూలములుగల మహిళగా పేర్కొనినవి. ఈ రెండు విశేషణముల నడుమ నున్న దూరమే మా వ్యాసవిషయము.

తెలుగే మాతృభాషగాగల ముస్లిము ప్రవాసి సంగతి వేరు. ఖమ్మము జిల్లా చింతకానికి చెందిన అఫ్సర్ అట్టివారిలో సుప్రసిద్ధుడు. తెలుగు కవిగా పేరుపొంది, అమెరికా విశ్వవిద్యాలయములలో అధ్యాపకుడైన యీయన పీర్ల పండుగపై 2013లో, 1948 నాటి హైదరాబాదు ముస్లిములపై 2023లో ఆంగ్ల గ్రంథములు ప్రకటించెను. ఆయన కవితాసంపుటములలో ఒకటి ‘వలస’, మరియొకటి ‘ఇంటివైపు’. 1998లో ‘జల్‌జలా’తో ప్రస్ఫుటమైన ముస్లిము కవిత్వోద్యమమునకును ప్రవాసానుభవమునకును గల సంబంధము ప్రత్యేక పరిశోధనకు తగిన విషయము, దానినిక్కడ స్పృశించి విడచుచున్నాము.

2008లో అమెరికా కాన్సులేటు బేగంపేటలోని పైగా భవనమున వెలయువరకు హైదరాబాదువారు వీసాకై మద్రాసునకు పోవలసియుండెను. జాగీర్లు కోల్పోయిన వంశపు భవనమున వారి నగరవాసులు పరదేశమునకు అనుమతి వేడిరి! 2023లో ఆ కార్యాలయము నానక్‌రామ్‌గూడకు తరలినది. నేడు అశోకనగరమున ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువు యువకులతో అద్దెగదులు నిండియున్నవి. చిక్కడపల్లి గ్రంథాలయమున కూర్చుండ చోటు దొరకదు. అదే బల్లల ప్రక్కన అమెరికా చదువునకు సిద్ధపడువారును గలరు. వారిలో ముస్లిము లెందరో, వా రేమి తలంచి పోవుచున్నారో అడిగి వ్రాయువారు కావలెను.

ఈ విషయమున పరిశోధింప నిచ్చగించు విద్యార్థులకు ఒకటి రెండు సూచనలు. 1965 మొదలు పది పదునైదేండ్లలో పోయిన తొలితరమువారు ఇప్పుడు ఎనుబదేండ్లు పైబడినవారు. అచ్చటనే కాదు, ఇచ్చట నిలిచిన వారి తోబుట్టువులును అట్టివారే. ముందు వారి మాటలను ధ్వనిముద్రణ చేయవలెను. ‘బోల్కే’ వంటి నిర్మాణములు మూడవ తరమున నిలిచినవా, ఎప్పుడు జారిపోయినవి అనునది అట్టి ముద్రణలచేతనే తేలును. రెండవది, ఆ కాలపు నీలిరంగు విమానపు ఉత్తరములు. ముషీరాబాదు, చిక్కడపల్లి ఇండ్లలో పెట్టెల అడుగున అవి యింకను దొరకవచ్చును. జీతమెంత, అద్దెయెంత, మొదటి మంచు ఎట్లుండెను, జుమ్మా నమాజుకు సెలవు దొరకినదా లేదా అను సంగతులు వానిలో నుండును. ఏ ప్రభుత్వ పట్టికలోను ఉండవు. అవి చాలవరకు ఉర్దూలో, తొందరగా వ్రాసిన చేవ్రాతలో నుండును. వ్రాసినవారి మనుమలకే ఆ లిపి రాదు. కావున తెలుగు శాఖయందలి పరిశోధకుడు ముందుగ నస్తాలీఖ్ లిపిని నేర్చుకొనవలసియుండును. శ్రద్ధగలవానికి ఆరు నెలలు చాలును.